స్ట్రోక్ వచ్చిన మనిషికి పసుపు పాలు: పనికొస్తాయా, ఊరికే నమ్మకమా?

గోదారిగట్టు: నాన్నకి పోయినేడాది స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి ఇంకా పట్టు రాలేదు. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం మెదడుని కాపాడుతుందని ఏదో వీడియో చూసి మా బాబాయి రోజూ పాలల్లో పసుపు, మిరియాల పొడి వేసి తాగిస్తున్నాడు, ఈ వారం కర్క్యుమిన్ క్యాప్సూల్స్ కూడా తెచ్చాడు. ఇందులో నిజమెంత? తిట్టుకోకుండా చెప్పండి.

కారప్పొడి: నిజం ఉంది బ్రో. ఎలుకల మెదడులో రక్తనాళం మూసేసి కర్క్యుమిన్ ఇస్తే దెబ్బతిన్న భాగం తగ్గిందని చాలా ల్యాబుల్లో చూశారు. మిరియాల సంగతీ ఉత్తది కాదు, 1998లో బెంగళూరు వాళ్ళు మనుషులకే ఇచ్చి చూశారు, మిరియాల్లోని పైపరిన్ తోడైతే కర్క్యుమిన్ ఒంటికి పట్టడం 20 రెట్లు పెరిగింది.

తెల్లకోటు: వాళ్ళు ఇచ్చిన కర్క్యుమిన్ 2 గ్రాములండీ. పసుపులో అది ఉండేదే 3 శాతం దాకా, చెంచా పసుపు 3 గ్రాములనుకుంటే 90 మిల్లీగ్రాములు. అంటే ఇరవై చెంచాల పైమాటే, తాగించండి చూద్దాం. ఎలుకల్లో భేషుగ్గా పనిచేసి మనుషుల దగ్గర బోల్తా కొట్టిన స్ట్రోక్ మందులు బోలెడు.

కారప్పొడి: మరి బ్యూటైల్‌ఫ్తలైడ్? సెలెరీ అనే ఆకుకూర గింజల్లో దొరికిందే కదా, చైనాలో 2002 నుంచీ స్ట్రోక్ మందు. 2023లో 1,216 మంది మీద ట్రయల్ వచ్చింది, 90 రోజులకి బాగా కోలుకున్నవాళ్ళు మందు తీసుకున్నవాళ్ళలో 56.7 శాతం, ఉత్తుత్తి మందు వాళ్ళలో 44. దీనికేమంటారు?

తెల్లకోటు: మంచి ట్రయలే, ఒప్పుకుంటా. కానీ వాళ్ళందరికీ గడ్డ కరిగించే ఇంజెక్షనో, గడ్డని బయటికి లాగే చికిత్సో కూడా చేశారు. బ్యూటైల్‌ఫ్తలైడ్‌ని 14 రోజులు సెలైన్‌లా ఎక్కించి, తర్వాత క్యాప్సూల్స్ ఇచ్చారు. ఇప్పుడది ఫ్యాక్టరీలో తయారయ్యే మందు, సెలెరీ జ్యూస్ తాగితే రాదు. మూలికలతో చేసిన ఇంకో మందుని 1,100 మంది మీద చూస్తే 2013లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు, అది వీడియోల్లో చెప్పరు.

సన్నజాజి: మా మామగారు ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుంటే ఎడమ పక్క మూతిలోంచి చొక్కా మీదికి కారిపోయింది. అందరం చూశాం. పక్కూళ్ళో పావురం రక్తం రాసి పక్షవాతం తిప్పేస్తారని ఒకాయన అంటే కారు అటు తిప్పారు. ఆసుపత్రికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది, ఆ ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల గడువు దాటిపోయిందన్నారు. పసుపు మీద నాకు కోపం లేదు గానీ, "ముందు మనది చూద్దాం" అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది.

తెల్లకోటు: గోదారిగట్టు గారూ, నాన్నగారు ఏ మాత్రలు వేసుకుంటున్నారు?

గోదారిగట్టు: రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, బీపీ మాత్ర. మధ్యలో ఫిట్స్ వచ్చాయని ఫెనిటోయిన్ కూడా.

తెల్లకోటు: అదీ అసలు సంగతి. పైపరిన్ వల్ల రక్తంలో ఫెనిటోయిన్ పెరగొచ్చు, కర్క్యుమిన్ క్యాప్సూల్స్ క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం భయం. చిటికెడు పసుపు పాలకి అభ్యంతరం లేదు. క్యాప్సూల్స్ ఆపి, డబ్బా పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి.

కారప్పొడి: ఫెనిటోయిన్ సంగతి నాకు తెలీదండీ. మా అమ్మా అదే వేసుకుంటుంది, రాత్రి రసంలో మిరియాలు మామూలే, పర్లేదా?