రీఅలాక్ చేశాక కీ పేరు చెత్తగా వస్తోంది (సి భాష)

ప్రశ్న:
సొంతంగా ఒక కాన్ఫిగ్ పార్సర్ ("కీ = విలువ" లైన్లుండే సెట్టింగుల ఫైలు చదివే ప్రోగ్రాం) రాస్తున్నాను. ఒక్కో లైనుకి 16 బైట్ల బఫర్ (తాత్కాలిక మెమరీ), నిండితే మెమరీ సైజు మార్చే రీఅలాక్‌తో రెట్టింపు. చిన్న ఇంగ్లిష్ విలువలు బాగానే వచ్చాయి. విలువగా "తెలుగు" అని పెట్టగానే దాని ముందున్న కీ పేరు చెత్తగా వస్తోంది! యూనికోడ్ గొడవేమో అని రెండు రాత్రులు తవ్వాను.

జవాబు 1:
పాపం, యూనికోడ్ తప్పేం లేదండి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఆ మాటకే 18 బైట్లు, మాట ముగిసిందని చెప్పే చివరి సున్నాతో 19. అంటే రీఅలాక్ నడిచింది, బఫర్ ఇంకో చోటికి మారి ఉంటుంది. కీ మొదలుకి పాయింటర్ (మెమరీ అడ్రస్) దాచుకున్నారా?

అడిగినవారు:
దాచాను... అయ్యో.

జవాబు 1:
ఇల్లు ఖాళీ చేశాక పాత తలుపు కొడుతున్నారన్నమాట. పాయింటర్ బదులు ఆఫ్‌సెట్ (బఫర్ మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరమో) దాచండి.

జవాబు 2:
రీఅలాక్ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసుకోకండి. మెమరీ దొరక్క నల్ (ఖాళీ పాయింటర్) వస్తే పాత బఫర్ అడ్రస్ పోతుంది, ఫ్రీ చేయడానికీ దొరకదు. ముందు వేరే వేరియబుల్‌లోకి తీసుకోండి. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో ఒకసారి కంపైల్ చేసి చూడండి.

అడిగినవారు:
ఆఫ్‌సెట్ పెట్టాక కీ సరిగ్గా వచ్చింది. శానిటైజర్ ఇంకోటి కూడా పట్టింది: చివరి సున్నాకి ఒక బైటు లెక్కే వేయలేదు నేను.