సమస్యాపూరణం: సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

నిర్వాహకుడు:
మే నెల మొదలైంది. వనభోజనాలంటే మనకు కార్తికమే గుర్తొస్తుంది గానీ, నూజివీడు వైపు మామిడితోటల్లో నీడ చూసుకుని ఒక పూట గడపడానికి ఇదే అదను. కిందపరిచే బొంత, నీళ్లబుడ్డికి తొడుగు, టిఫిన్ డబ్బాల సంచి, చాపకు అంచు, విసనకర్రకు గుడ్డ గోటు అన్నీ ఇంట్లోనే కుడుతున్నామని ఈ గుంపులో చాలామంది ఫొటోలు పెడుతున్నారు. కుట్టే చేతులు కాసేపు పద్యం వైపు కూడా తిరగాలి. ఈ వారం సమస్య:

సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, అంటే గురువు-లఘువు జంట (గలం) గానీ మూడు లఘువులు (నగణం) గానీ. ‘సూ’కు ‘జొ’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు. అరసున్నలు పెట్టినా మానినా నాకు పట్టింపు లేదు, సరళాదేశం (క చ ట త ప లు గ జ డ ద బ లుగా మారడం) మాత్రం వదలొద్దు. మిగతా మూడు పాదాలు మీవి. సూది బెజ్జంలో ఒంటె దూరే పోలిక బైబిల్లో ఉంది, అది ఎవరూ ఎత్తుకోకండి. తోట ఎలా దూరిందో చెప్పండి.

సూదీ దారం:
మాస్టారూ, బోణీ నాదే.

పచ్చ దార మెత్తి పరచు దుప్పటిమీద
కొమ్మ లాకు లెల్లఁ గుట్టె వదిన
కాయ పండు పిందె కలగలుపుగ రాగ
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

నిర్వాహకుడు:
బోణీ బాగుందమ్మా. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ‘పరచు దుప్పటి’ దగ్గర గణం దుప్పటిని మధ్యలో విరిచింది, ఆటవెలదిలో అది తప్పేమీ కాదు, చదవడానికి కూడా ఇబ్బంది లేదు. సమస్యను విప్పింది మొదటి పాదమే. దారమే తోట అయినప్పుడు అది బెజ్జంలోంచి రాక ఎక్కడికి పోతుంది! నాకున్న సందేహం ఒక్కటే: పిందె, కాయ, పండు ఒకే కొమ్మకు ఎప్పుడు కాశాయి?

సూదీ దారం:
బట్టమీది తోట కదండీ, రుతువుతో పనేముంది. బంగినపల్లి పసుపు, పిందె ఆకుపచ్చ పక్కపక్కన లేకపోతే చూడ్డానికి బోసిగా ఉంటుంది.

బొంతల బామ్మ:
పద్యం సంగతి మాస్టారు చూసుకుంటారు, నేను కుట్టు సంగతి చెప్తా. కింద పరిచే దుప్పటికి ఆకుల్ని నిండు కుట్టుతో నింపావో, ఎండుగడ్డి తగులుకుని మొదటి రోజే పోగులు లేస్తాయి. కొమ్మకి కాడకుట్టు, ఆకు అంచుకి గొలుసుకుట్టు వేసి లోపల ఖాళీ వదిలెయ్. లచ్చి దారంలో ఆరు పోగులుంటాయి కదా, కొమ్మకి మూడు తీసుకో, ఆకు ఈనెలకి రెండు చాలు. ఆరూ ఒకేసారి ఎక్కిస్తే వెనకవైపు ముళ్లు లావుగా వచ్చి, కూర్చున్నవాళ్లకి గుచ్చుకుంటాయి.

నిర్వాహకుడు:
బామ్మగారూ, ఇంత చెప్పి పూరణ రాయకుండా పోతే ఊరుకోం.

బొంతల బామ్మ:
రాశాను నాయనా. తప్పులుంటే దిద్దు.

దార మెక్కదంచుఁ దా నొక్క కన్మూసి
వెలుగువైపు కెత్తి వెదకె నవ్వ
మావికొమ్మ లన్ని మసకగాఁ గనుపించె
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

మూసీ గట్టు:
అవ్వా, దండం! ఇగ మేం రాసుడెందుకు?

నిర్వాహకుడు:
దిద్దడానికి ఏమీ లేదు. ఇందులో ఎంబ్రాయిడరీ లేదు, అలంకారం లేదు, శ్లేష లేదు. సూదిలో దారం ఎక్కించే మనిషి చేసే పని ఉన్నదున్నట్టు పెట్టారు, తోట దానంతటదే వచ్చి బెజ్జంలో నిలిచింది. ‘మసకగా’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. చూపు సూది మీద నిలిస్తే వెనక చెట్లు మసకబారతాయి. అక్కడ ‘స్పష్టముగ’ అని ఉంటే పద్యం అబద్ధమయ్యేది. సమస్యలో అసంభవం కనిపిస్తే చాలామంది కల్పనకు పరిగెడతారు. బామ్మగారు కిటికీ దగ్గరే కూర్చుని పని ముగించారు.

ఉప్పుటేరు:
నమస్కారమండీ, నేను కొత్త. మాది నరసాపురం దగ్గర. మా మేనత్త దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను. పద్యం మాత్రం ఇదే మొదలు.

లేసు పూలు కొన్ని లెక్కగా నల్లుచు
నీళ్ల సీసా తొడుగు నేర్పుతోడ
నరసపురపు టత్త నాకు నేర్పగ నాడు
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

నిర్వాహకుడు:
రండమ్మా, మొదటి పద్యమే ఇంత ఒద్దికగా వస్తే ఇక బెంగేముంది. రెండో పాదం చూడండి. నీళ్ల (గురువు, లఘువు) సరే. సీసా అనగానే రెండూ గురువులైపోయాయి, సూర్యగణానికి అది చెల్లదు. గలమో నగణమో ఉండాలి. ‘బుడ్డి’ వేయండి, సరిపోతుంది. ‘నరసపురపు టత్త’లో టుగాగమం (సంధిలో మధ్యన ‘ట్’ చేరడం) చక్కగా పడింది, అది మీకు తెలిసే పడిందా?

ఉప్పుటేరు:
చెవికి అలా వచ్చిందండీ.

బొంతల బామ్మ:
నాకు ఇంకో తంటా కనపడుతోంది. లేసు అల్లేది క్రోషియా సూదితో కదమ్మా. దానికి బెజ్జం ఎక్కడుంది? కొన దగ్గర కొక్కెం ఉంటుంది, దారాన్ని లాగి ముడిలోంచి ముడి తీస్తుంది. సమస్యలో అడిగింది బెజ్జం ఉన్న సూది.

మూసీ గట్టు:
అవ్వ పట్టుకుంటే పట్టుకున్నట్టే.

నిర్వాహకుడు:
ఇది ఛందస్సు తప్పు కన్నా పెద్దది. పూరణలో వస్తువు, సమస్యలో వస్తువు ఒకటి కాకపోతే పాదం విడిగా వేలాడుతుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ఊరి పేరు పద్యంలో ఉండాల్సిందే, తీసెయ్యకండి. అయితే అల్లిన పూలని తొడుగుకి ఎలా కలుపుతారు?

ఉప్పుటేరు:
మామూలు సూదితోనే కుడతామండీ. పువ్వులన్నీ విడివిడిగా అల్లి పెట్టుకుని, గుడ్డ మీద సర్దుకుని, రేకు అంచుల దగ్గర కనపడీ కనపడనట్టు టాకాలు వేస్తాం. ఆగండి, మళ్లీ రాస్తాను.

లేసు పూలు కొన్ని లెక్కగా నల్లించి
నీళ్లబుడ్డి తొడుగు నిండఁ గుట్ట
నరసపురపు టత్త నవ్వుచుఁ బలికెను
‘సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట’

నిర్వాహకుడు:
ఇదీ! అల్లిక, కుట్టు వేరు పడ్డాయి, సూదికి పని దొరికింది. పైగా సమస్యను అత్తగారి మాటగా చెప్పించి చమత్కారం కూడా తెచ్చారు. మాటగా చెప్పించే ఉపాయం అవధానుల కాలం నుంచీ ఉన్నదే. ప్రతి సమస్యకీ అదే వాడితే విసుగు, ఇక్కడ మాత్రం అతికింది.

మూసీ గట్టు:
నాది కూడ చూడుండ్రి సార్. దేవరకొండ దిక్కు తండాల్ల లంబాడీ కుట్టు జూసి రాసిన.

అద్ద మతికి కుట్టి యందమౌ సంచిపైఁ
గవ్వ లద్దెఁ దండ కన్నెపిల్ల
అద్ద మందుఁ దోఁచె నాకులు కొమ్మలు
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

నిర్వాహకుడు:
నడక బాగుంది. యతి ఎక్కడా తప్పలేదు. బొమ్మ కూడా కళ్లకు కట్టింది. సంచి చెట్టుకింద పెడితే ఆ చిన్న చిన్న అద్దాల్లో ఆకులు మెరుస్తాయి. కానీ తోట అద్దంలోకి వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి బెజ్జం దాకా దారి వేయలేదు మీరు. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య పాఠకుడు గెంతాల్సి వస్తోంది.

బొంతల బామ్మ:
‘అతికి కుట్టి’ అన్నావు గానీ ఆ అద్దాన్ని మామూలుగా జిగురుతో అతికించరు, దానికి కన్నాలూ ఉండవు. ముందు అద్దం మీద అడ్డంగా నిలువుగా దారాలు వేసి గుడ్డకి బిగిస్తారు. తర్వాత ఆ దారాల్ని పట్టుకుని చుట్టూరా కాజాకుట్టులాంటిది తిప్పుతారు. అద్దం దారపు చట్రంలో కూర్చుంటుంది. ఆ బిగింపు మీద రాసుంటే నీ బెజ్జానికి దారి దొరికేది.

మూసీ గట్టు:
అవ్వా, నువ్వు అద్దాల సంచి కూడ కుట్టినవా?

బొంతల బామ్మ:
ఒకటి కుట్టా. మళ్లీ కుట్టలేదు, కళ్లు లాగేస్తాయి.

డాలస్ చెట్టునీడ:
ఇక్కడ మేం ఎండాకాలంలోనే పార్కులో వనభోజనాలు పెట్టుకుంటాం. నా పూరణ కొంచెం అల్లరిది, కోప్పడకండి.

చిన్న కుట్టుకొట్టు చిత్రమౌ పేరది
‘సూది బెజ్జ’ మనుచుఁ జూపు బోర్డు
ఇంటిపేరు చేత నెల్లరు పిలువఁగా
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

పూతరేకు:
హహ్హహ్హ! తోట వారమ్మాయి సంచి కుట్టించుకోడానికి కొట్లోకి వెళ్లిందన్నమాట. ఇంటిపేరుతో పిలవడం భలే కలిసొచ్చింది.

నిర్వాహకుడు:
పేరు మార్చి సమస్యను తప్పించుకునే పద్ధతి ఇది. సభలో చప్పట్లు పడతాయి, గణాలూ నిర్దోషం. ‘సూ’కు ‘జూ’, మూడో పాదంలో ‘ఇ’కు ‘నె’లోని ఎకారం, రెండు యతులూ శుభ్రంగా కుదిరాయి. నాకు నచ్చనిది ఒక్కటే. కొట్టు పేరూ మీదే, మనిషి పేరూ మీదే. రెండు పేర్లూ కవి చేతిలోనే ఉన్నప్పుడు సమస్య ఏముంది, ఏదైనా ఎందులోనైనా దూరుతుంది. ఒక్క పేరైనా లోకంలో ఉన్నదై ఉండాలి.

డాలస్ చెట్టునీడ:
తోట ఇంటిపేరు లోకంలో ఉన్నదే కదా మాస్టారూ. మా ఆవిడ పుట్టింటి వాళ్లు తోట వారే.

నిర్వాహకుడు:
అయితే సగం మార్కులు వెనక్కి ఇస్తున్నా.

పూతరేకు:
నాది చివరికి మిగిలింది. అమ్మ చీర మీద రాశాను.

పెడన చీర పాత పేలికై పోవఁగ
చెట్లు పూలు గల్గు చెఱగుఁ జీల్చి
సన్న పట్టి చేసి చాపకుఁ గుట్టఁగా
సూది బెజ్జమందుఁ జొచ్చెఁ దోట

నిర్వాహకుడు:
చాలా బాగుంది తల్లీ. పెడనలో టేకు అచ్చులతో అద్దిన చెట్లూ పూలూ ఉన్న చెరగు పట్టీలుగా చీలింది, ఆ పట్టీయే దారమై సూదిలోకి ఎక్కింది. సమస్యలోని అసంభవం పూర్తిగా సంభవమైపోయింది. సూదీ దారం గారి పూరణలో దారం తోటను గీసింది, ఇక్కడ తోటే దారమైంది. ‘స’కు ‘చా’ యతి చాలామంది వాడడానికి జంకుతారు, మీరు ధైర్యంగా వేశారు. ‘పోవఁగ’ తర్వాత ‘జెట్లు’ అనాలి, సరళాదేశం జారిపోయింది. యతికి కూడా అడ్డేమీ లేదు, దిద్దుకోండి.

బొంతల బామ్మ:
చాపకి గుడ్డ అంచు లేకపోతే తుంగ విడిపోతుంది, ఆ ఆలోచన మంచిదే. కానీ పట్టీ సూదిలో పడుతుందా? కాటన్ చీర పట్టీ ఎంత సన్నంగా చీల్చినా మామూలు సూదికి లావే. దానికి దబ్బనం కావాలి.

పూతరేకు:
కొనని ఏటవాలుగా కత్తిరించి, కొంచెం గంజి రాసి, వేళ్లతో పురి తిప్పితే పెద్ద సూదికి ఎక్కుతుంది బామ్మగారూ. నేను అలాగే చేశాను. గంజి ఆరాక కొన ముల్లులా గట్టిపడుతుంది.

బొంతల బామ్మ:
పెద్ద సూదంటే దబ్బనమే.

పూతరేకు:
దబ్బనం కూడా సూదే కదండీ!

సూదీ దారం:
గోనెసంచులు కుట్టేదాన్ని మా ఇంట్లో ఎవరూ సూది అనరు. నా ఓటు బామ్మగారికి.

మూసీ గట్టు:
నా ఓటు చీరకు.

నిర్వాహకుడు:
ఓట్లు పెట్టలేదు ఇక్కడ. ఈ వారం మొదటి స్థానం బామ్మగారి కిటికీ పద్యానికి. రెండో స్థానం పెడన చీరకు, దబ్బనం తగాదా తేలినా తేలకపోయినా. ఉప్పుటేరు గారు దిద్దుకున్న తీరుకు ప్రత్యేకంగా అభినందనలు. మూసీ గట్టు గారు మూడో పాదం మార్చి ఆదివారం లోపు పెడితే చూస్తాను.

వచ్చే వారానికి, తోటలో పొయ్యి వెలిగించేవాళ్ల కోసం, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

చలువ కొఱకు మంటఁ జాలఁ గోరె

బొంతల బామ్మ:
పొయ్యి అన్నావు కదా, ఇక నన్ను ఆపలేవు.