మిగిలిన దాంట్లో 2/5 వంతు అంటే ఎలా చెయ్యాలి? లెక్క తేలట్లేదు

గాజువాక అమ్మ:
మా పాప ఎనిమిదో క్లాసండీ, రాత్రి నుంచి ఇద్దరం ఒక్క లెక్క దగ్గరే కూర్చున్నాం. ఫిషింగ్ హార్బర్‌లో ఒకావిడ చేపలు కొంది, అందులో 1/3 వంతు పూర్ణా మార్కెట్లో అమ్మేసింది, మిగిలిన దాంట్లో 2/5 వంతు వీధులెంట తిరిగి అమ్మింది, ఇంకా 18 కేజీలు గంపలో ఉండిపోయాయి, మొత్తం ఎన్ని కేజీలు కొంది అని. షీట్‌లో జవాబు 45 అని ఉంది. మేమేమో 1/3, 2/5 కలిపితే 11/15 వచ్చింది, మిగిలింది 4/15, అది 18 అయితే మొత్తం 67న్నర వస్తోంది. ఎక్కడ తప్పాం? నేను బైపీసీ, లెక్కలకి టెన్త్‌లోనే దణ్ణం పెట్టేశాను.

పెందుర్తి ట్యూషన్ మాస్టారు:
అమ్మా, ఆ 1/3 మొత్తం చేపల్లో, 2/5 ఏమో మార్కెట్లో అమ్మగా ఉన్నవాటిలో. రెండూ ఒకేదాంట్లో వంతులు కానప్పుడు కలపకూడదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది పడేది ఇక్కడే, అందుకే "మిగిలిన" అన్న మాట కింద ముందు పెన్సిల్‌తో గీత కొట్టిస్తాను. ఎక్స్ పెట్టి చెయ్యడం తర్వాత సంగతి, ముందు బొమ్మ గీయించండి. పొడుగు డబ్బా గీసి మూడు గళ్లు చెయ్యండి, ఒక గడి కొట్టేయండి, అది మార్కెట్‌ది. మిగతా రెండు గళ్లనీ ఒకే ముక్క అనుకుని ఐదు భాగాలు చేస్తే రెండు భాగాలు వీధుల్లో పోయాయి, మూడు భాగాలు గంపలో ఉన్నాయి. మూడు భాగాలు 18 అయితే ఒకటి 6, ఐదు 30. ఆ 30 రెండు గళ్లు కదా, గడికి 15, మూడు గళ్లు 45.

ఎంవీపీ కాలనీ కుర్రాడు:
షార్ట్‌గా, మార్కెట్ తర్వాత 2/3 ఉంది, అందులో 3/5 మిగిలింది, గుణిస్తే మొత్తంలో 2/5. అదే 18. అయిపోయింది.

గాజువాక అమ్మ:
బొమ్మతో వచ్చేసింది మాస్టారూ! కానీ స్కూల్లో ఈక్వేషన్ రాయాలంట. మొత్తం ఎక్స్ అనుకుని 2ఎక్స్/3 - 4ఎక్స్/15 = 18 అని రాసి, కసాగు 15 పెట్టి 10ఎక్స్ - 4ఎక్స్ = 18 చేసింది, ఎక్స్ 3 వచ్చింది. మూడు కేజీలు కొని పద్దెనిమిది కేజీలు మిగిల్చిందట, ఇద్దరం పడీపడీ నవ్వాం.

పెందుర్తి ట్యూషన్ మాస్టారు:
నవ్వొచ్చిందంటే జవాబు సరిచూసుకున్నట్టే, చాలామంది 3 అని రాసి కింద రెండు గీతలు కొట్టి వెళ్లిపోతారు. 15తో గుణిస్తే అటు 18ని కూడా గుణించాలి. 6ఎక్స్ = 270, ఎక్స్ 45.

పాత లెక్కల పిచ్చి:
ఈ రకం లెక్కలు మనకి కొత్తేం కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాస్కరాచార్యుడి లెక్కల పుస్తకం లీలావతి 1150 నాటిది, అందులోది ఒకటి పాపకి ఇవ్వండి. తుమ్మెదల గుంపులో 1/5 కదంబ పువ్వు మీద, 1/3 శిలీంధ్ర పువ్వు మీద వాలాయి, ఆ రెండింటి తేడాకి మూడు రెట్లు కుటజ పువ్వు మీదకి పోయాయి, ఒకటి గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? ఇక్కడ "మిగిలిన" లేదు, అన్నీ గుంపులో వంతులే, కాబట్టి హాయిగా కలుపుకోవచ్చు.

గాజువాక అమ్మ:
15 వచ్చింది. ఈసారి ఆ 1ని కూడా 15తో గుణించిందండోయ్.