అప్‌డేట్: కాళ్లు జారిపోతున్న కోడిపిల్ల లేచి నిలబడింది

పోయిన వారం నేను అడిగింది గుర్తుందా? కనిగిరి దగ్గర మా ఇంట్లో నాటుకోడి పొదిగిన తొమ్మిది పిల్లల్లో ఒకదానికి కాళ్లు చెరో పక్కకీ జారిపోతున్నాయి, కుడికాలి వేళ్లు పిడికిలిలా ముడుచుకున్నాయి, ఏం చేయాలని. "బతకదులే" అని మా అవ్వ తేల్చేసింది.

మీరు చెప్పినట్టే ముందు గంపలో పరిచిన న్యూస్‌పేపర్ తీసేసి గోనెపట్టా వేశాను. నున్నటి కాగితం మీద పట్టు దొరక్కే కాళ్లు ఇంకా జారేవట. తర్వాత బ్యాండ్ ఎయిడ్‌ని సన్నగా చీల్చి, రెండు కాళ్లకీ మధ్య కొంచెం ఎడం ఉంచి వదులుగా కట్టాను. వేళ్లకి పాత శుభలేఖ అట్ట ముక్క కత్తిరించి, ఒక్కో వేలూ సాపు చేసి టేపుతో అంటించా. పిల్ల పట్టుకుంటే గుండె టకటకా కొట్టుకుంటోంది, నా చేతులు వణికాయి. మొదటిసారి అట్ట పెద్దదైపోయి ముక్కు మీద బోర్లా పడింది, పాపం!

తల్లి పొడుస్తుందని బల్బు కింద విడిగా పెట్టాను. నీళ్ల మూతలో గులకరాళ్లు వేశా, మునగకుండా. బి2 విటమిన్ తక్కువైనా వేళ్లు ముడుచుకుంటాయన్నారుగా, పశువుల డాక్టర్‌ని అడిగి విటమిన్ చుక్కలు కూడా నీళ్లలో కలిపాను.

నాలుగో రోజు కట్టు విప్పితే నిలబడింది. ఒక్క వేలు మాత్రం ఇంకా వంకరే. నిన్న మిగతా ఎనిమిదింటితో కలిపితే నూకల కోసం అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. అవ్వ ఇప్పుడు దాన్ని "కుంటోడా" అని ముద్దుగా పిలుస్తోంది.