ఆర్కిటెక్ట్ ఆలోచన ఎక్కడ పుడుతుంది: పెరిగిన ఇంట్లోనా, గురువు దగ్గరా?

హన్మకొండవాసి: మన దేశపు ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషిని తీర్చిదిద్దింది, చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే అని అందరూ రాస్తారు. 1951 నుంచి 1954 వరకు పారిస్‌లో ఆయన దగ్గర పనిచేసిన మాట నిజమే. అయితే పుణేలో తాతగారి ఫర్నిచర్ పని చూస్తూ, మనుషులు పెరిగినకొద్దీ గదులు పెరిగిన ఉమ్మడి ఇంట్లో ఎదిగారు కాబట్టే, ఇండోర్‌లోని అరణ్య కాలనీలో పేదలు వీలు చూసుకుని పెంచుకోగల ఇళ్లను ఆయన ఊహించగలిగారని నా నమ్మకం.

గీతలబల్ల: ఇల్లే చాలనుకుంటే, ఉమ్మడి ఇళ్లలో పెరిగినవారందరూ ఆర్కిటెక్టులు కావాలి కదా! 2018లో ఆర్కిటెక్టులకు ఇచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చినప్పుడు, దానికి తన గురువు కార్బూజియేకు రుణపడి ఉన్నానని దోషి స్వయంగా చెప్పారు. ఆయన మాట కంటే మీ నమ్మకం ఎక్కువా?

కోటవాకిలి: ఇంగ్లండు నుంచి వచ్చి మన దేశంలో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్‌ను మరిచిపోయారు. బర్మింగ్‌హామ్‌లో చదివిన ఆయన, హిమాలయాల్లోని పిథోరాగఢ్ కొండపల్లెల ఇళ్లు చూసి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు.

హన్మకొండవాసి: గురువు పేరు చెప్పడం శిష్యుడి మర్యాద, అది సాక్ష్యం కాదు. మా నాన్న పరకాల దగ్గర మేస్త్రీ. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఖంగుమంటే గోడకు, మొద్దుగా పలికితే పక్కకు వేసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని బట్టి ఆర్కిటెక్చర్ చదువు మూడో సంవత్సరంలో నడుమ వాకిలి ఉన్న పెంకుటింటిని గీసి, వాన నీరు ఎటు పోతుందో వివరిస్తే, వైవాలో (మౌఖిక పరీక్షలో) ఒక పెద్దమనిషి “ఇది మేస్త్రీ పని, ఇందులో ఆలోచన ఏది?” అన్నారు.

గీతలబల్ల: మీ మార్కుల కోపాన్ని కార్బూజియే మీద తీర్చుకోకండి.

హన్మకొండవాసి: మార్కుల మాట కాదమ్మా! పాలంపేటలో రామప్ప గుడిలో గర్భగుడి మీది విమానానికి నీటిలో తేలే ఇటుకలు కాల్చినవారికి ఆలోచన లేదని అనగలరా?

గీతలబల్ల: అనలేను. కానీ నేను పాఠం చెప్పేదాన్ని. నా తరగతిలో సగం మంది అపార్టుమెంట్లలో పుట్టి పెరిగినవారు, నడుమ వాకిట్లో వాన పడడం చూడనివారు. చిన్నప్పటి ఇల్లే అంతా అని మీరంటే, ఆ పిల్లలకు నేనేమి చెప్పాలి?

హన్మకొండవాసి: వారిని ఇటుక బట్టీకి తీసుకువెళ్లండి, చప్పుడు వినడం వారికీ వస్తుంది. అయితే అది నేర్పిన మేస్త్రీ పేరును కార్బూజియే పేరు పక్కన గురువుగా రాయనిస్తారా? మొదటి నుంచీ నేను అడుగుతున్నది ఇదే.