పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్లాలనుంది, మోకాళ్లే అడ్డం

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ. స్కూల్లో లెక్కలు చెప్తాను, వయసు 47. కొన్నేళ్లుగా మా వీధి చివర మేడ మీద పొద్దున్నే జరిగే యోగా క్లాసుకి వెళ్తున్నాను. ఆసనాలంటే నాకు ప్రాణం. నడుం నొప్పి పోయింది, పిల్లల మీద విసుక్కోవడం తగ్గింది. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం బారులు తీరి యోగా చేసినప్పుడు నేనూ వెళ్లాను. అంతమంది ఒక్కసారిగా చేతులు పైకెత్తుతుంటే ఒళ్లు పులకరించింది.

నా ఇబ్బందంతా ధ్యానంతోనే. శవాసనం అయ్యాక సుఖాసనంలో, అంటే బాసింపట్టు వేసుకుని, కూర్చోమంటారు. కాసేపటికే ఎడమ పాదం తిమ్మిరెక్కుతుంది, మోకాలి లోపలివైపు సలుపు మొదలవుతుంది. ఇక ధ్యాస శ్వాస మీద ఎక్కడ నిలుస్తుంది? ఈలోపే ఓంకారం చెప్పించి క్లాసు ముగించేస్తారు. కూర్చోవడం అసలు ఎవరూ నేర్పడం లేదు. వర్క్‌షాపులకీ వెళ్లాను, అక్కడా కొత్త కొత్త ఆసనాలే. అందుకే దసరా సెలవుల్లో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్దామనుకుంటున్నాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, నావల్ల అవుతుందా?

సీతమ్మధార నుంచి:
మేడమ్, నేను ఏలూరు దగ్గర విజయరాయి కేంద్రానికి వెళ్లొచ్చాను. ముందు సెలవుల లెక్క చూసుకోండి. పది రోజులంటారు గానీ ముందురోజు సాయంత్రానికే చేరాలి, పదకొండో రోజు పొద్దున బయటపడతాం. పొద్దున 4కి గంట కొడతారు, రోజు మొత్తం మీద పది గంటల దాకా కూర్చోవడమే. ఫోన్ ఇచ్చేయాలి, మాటల్లేవు. రాత్రి భోజనం ఉండదు, కొత్తవాళ్లకి సాయంత్రం టీ, పండ్లు ఇస్తారు. ఫీజు లేదు. మీకు ముఖ్యమైన సంగతి, అక్కడున్నన్నాళ్లూ ఆసనాలు వేయకూడదు, నడక మాత్రం చేయొచ్చు. నాకు అదే కష్టమనిపించింది. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే పని. నాలుగో రోజు విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించడం, నేర్పాక గంటసేపు కదలకుండా కూర్చునే పూటలు మొదలవుతాయి. నేల మీద కూర్చోలేనివాళ్లకి కుర్చీ ఇస్తారు. దరఖాస్తులో మోకాలి సంగతి దాచకుండా రాయండి.

గాజువాక నుంచి, యోగా టీచర్‌ని:
అమ్మా, ఇది మోకాలి దగ్గర మొదలైంది కాకపోవచ్చు. తుంటి కీలు బిగిసి ఉంటే ఆ భారమంతా మోకాలే మోస్తుంది. మందపాటి దుప్పటిని నాలుగు మడతలు వేసి దాని అంచు మీద కూర్చోండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి రావాలి. గాల్లో తేలుతుంటే ఇంకో మడత వేయండి, లేదా తొడల కింద దిండ్లు పెట్టండి. మడమల్ని ఒకదాని మీద ఒకటి వేయకుండా ముందూ వెనకగా పెట్టుకుంటే తిమ్మిరి తగ్గుతుంది. రోజూ బద్ధకోణాసనం (అరికాళ్లు కలిపి, మోకాళ్లు పక్కలకి వాల్చి కూర్చునేది) వేయండి, మోకాళ్లని చేత్తో నొక్కొద్దు. పద్మాసనం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. "స్థిర సుఖమాసనం" అన్నాడు పతంజలి. నొప్పిని పంటి బిగువున భరించమనలేదు. లోపలివైపు సలుపంటున్నారు కాబట్టి ఒకసారి ఎముకల డాక్టరుకి చూపించండి.

ఎంవీపీ కాలనీ నుంచి, అడిగింది నేనే:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. దుప్పటి మడత మీద కూర్చుని చూశాను, పాదం తిమ్మిరెక్కలేదు. మోకాలు ఇంకా సలుపుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్తాను. సెలవు గురించి హెచ్ఎం గారితో మాట్లాడాలి. సీతమ్మధార వారూ, ఏలూరు స్టేషన్‌లో దిగాక విజయరాయికి మీరు ఎలా వెళ్లారు?