‘వుయ్’ లెక్క సరిపోవడం లేదు, ఎక్కడ పోతోందో చెప్పగలరా?

పదవేట: మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. అమెరికా అధ్యక్షులు కాంగ్రెస్‌కు ఇచ్చే స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగాల్లో ‘వుయ్’ (we, మనం), ‘అవర్’ (our, మన) వాడకం ఎలా మారుతూ వచ్చిందో చూపించాలి. ఫైళ్లన్నీ శుభ్రం చేసి, పదాలుగా విడగొట్టి లెక్కపెట్టాను. ‘వుయ్’ మరీ తక్కువ వస్తోంది. ఫైల్ తెరిచి చూస్తే పేజీ నిండా అదే! ‘అవర్’ దాదాపు లేనే లేదు. పైగా 1981 దగ్గర గ్రాఫ్‌లో ఏ పదం గీత చూసినా ఒక్కసారిగా పైకి లేచిపోతోంది. ఎర్రర్ ఏమీ రావడం లేదు. రేపు మా గైడ్ గారికి చూపించాలి, దయచేసి ఎవరైనా చెప్పండి.

చిన్నబడి: ఏ సాఫ్ట్‌వేర్? శుభ్రం చేయడమంటే ఏం చేశారు?

వాగ్విచారం: అసలు ‘వుయ్’ని లెక్కపెడితే ఏం తెలుస్తుందండీ? ఒక వాక్యంలో ఆ ‘మనం’ దేశమంతా, ఇంకో వాక్యంలో ప్రభుత్వం, మరో చోట సొంత పార్టీ. యంత్రానికి మూడూ ఒకటే. రోడరిక్ హార్ట్ తయారుచేసిన డిక్షన్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి. రాజకీయ భాషను నిశ్చయం, ఆశాభావం, క్రియాశీలత, వాస్తవికత, ఉమ్మడితనం అని అయిదు కొలతలతో తూస్తుంది. అలాంటి చట్రం ఒకటి ముందు పెట్టుకోకుండా ఉత్త పదాలు లెక్కిస్తే అది రెటరిక్ (మాటతో ఒప్పించే కళ) అధ్యయనం కాదు, జనాభా లెక్క.

పదవేట: పైథాన్, అందులో భాషా విశ్లేషణకు వాడే ఎన్‌ఎల్‌టీకే. పాఠంలో ఉన్నట్టే చేశాను. విరామ చిహ్నాలు తీసేయడం, స్టాప్‌వర్డ్స్ (తరచూ వచ్చే, పెద్ద అర్థం లేవనుకునే చిన్న పదాలు) తీసేయడం, అన్నీ చిన్నబడి (lower case) అక్షరాల్లోకి మార్చడం, లెక్కించడం.

చిన్నబడి: అక్కడే ఉంది. ఆ స్టాప్‌వర్డ్ జాబితాలో ‘వుయ్’, ‘అవర్’ రెండూ ఉన్నాయి. జాబితా అంతా చిన్నబడి అక్షరాల్లో ఉంటుంది కాబట్టి వాక్యం మధ్యలోవి పోయాయి, వాక్యం మొదట్లో పెద్దబడితో ఉన్నవి మిగిలాయి. మీకు కనిపిస్తున్న అంకె అదే. ‘అవర్’ వాక్యం మొదట్లో తక్కువ వస్తుంది, అందుకే దాదాపు మాయం. స్టాప్‌వర్డ్స్ తీయకండి.

వాగ్విచారం: ‘నాట్’ కూడా ఆ జాబితాలో ఉంది. పన్నులు పెంచం అన్నా, పెంచుతాం అన్నా ఒకటే అయిపోతుంది! చిన్న పదాలను చెత్తగా చూడటం నాకు మొదటి నుంచీ నచ్చదు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 హామిల్టన్‌వో మాడిసన్‌వో తేలక తగాదా నడుస్తుంటే, మోస్టెలర్, వాలెస్ 1964 పుస్తకంలో ఇలాంటి పదాలతోనే మాడిసన్ వైపు తేల్చారు. ‘అపాన్’ (upon) హామిల్టన్ తరచూ వాడతాడు, మాడిసన్ అరుదుగా వాడతాడు.

పాతకాగితం: అన్నిటినీ ప్రసంగాలు అంటున్నారు, అది సరికాదు. జెఫర్సన్ 1801లో రాసి పంపడం మొదలుపెట్టాడు. 1913లో విల్సన్ మళ్లీ కాంగ్రెస్ ముందు నిలబడి చదివేదాకా అవి రాతపూర్వక సందేశాలే. 1981లో కార్టర్ ఇచ్చిందీ రాతే, 33 వేల పైచిలుకు పదాలు, మీ గీత అక్కడ లేవడం అందుకే కావచ్చు. 1790లో వాషింగ్టన్ మొదటి ప్రసంగం 1,100 కూడా లేదు. మీరు వెయ్యి పదాలకు ఎన్ని అని చూశారా, ఉత్త సంఖ్యలు గీశారా?

వాగ్విచారం: రాసి పంపినా ఒప్పించడానికే కదండీ. రెటరిక్ నోటికే పరిమితమా?

పాతకాగితం: అలా అనలేదు. శాఖల నివేదికలు కుట్టి పంపిన కాగితాన్నీ, రేడియోలో జనం వింటారని తెలిసి రాసిన మాటనీ ఒకే గీతలో కలిపితే, మారింది అధ్యక్షుడి భాషో, రూపమో చెప్పలేం అంటున్నాను. చదివినవి, పంపినవి వేరు వేరు రంగుల్లో పెట్టండి. ఇంకోటి, వాక్యం మొదట్లోని ‘వుయ్’ లెక్కను పారేయకండి. వరసగా నాలుగు వాక్యాలు ‘వుయ్’తో మొదలైతే అది చెవికోసం కట్టిన మాట. దాన్ని విడిగా చూడటం మంచిది.

వాగ్విచారం: ‘రూపం’ అని మీరు అంటున్నది సందర్భమా, ప్రక్రియా? రెండూ ఒకటి కావు.

పాతకాగితం: ఇక్కడ రెండూ మారాయి.

పదవేట: స్టాప్‌వర్డ్స్ లైన్ తీసేశాను, ‘వుయ్’ వచ్చేసింది. వెయ్యికి లెక్క రేపు పొద్దున చూస్తాను. థాంక్సండీ.

వాగ్విచారం: ఎవరిని ‘వుయ్’ అంటున్నారో కనీసం ఒక యాభై వాక్యాలు చదివి చూడండి.